కరెంటు లేదని తేల్చుకున్నాకే చెయ్యి పెట్టండి: సర్వీస్ టెక్నీషియన్లకు సమగ్ర మార్గదర్శి

ఏసీలు, మైక్రోవేవ్ ఓవెన్లు, యూపీఎస్‌లు, లిఫ్టు ప్యానెళ్లు, మోటారు డ్రైవ్‌లు విప్పి బాగుచేసేవాళ్లకు షాక్ కొట్టినప్పుడు తరచూ వినిపించే మాట ఇది: "ఆఫ్ చేశానన్నా, అయినా ఎట్లా కొట్టిందో తెలీదు." ఆఫ్ చేసిన మాట నిజమే. కానీ ఆ స్విచ్ ఫేజుకు బదులు న్యూట్రల్‌ను కట్ చేసి ఉంటుంది. లేదా ప్లగ్ పీకినా లోపల కెపాసిటర్‌లో (చార్జి నిల్వ ఉంచే భాగం) చార్జి మిగిలి ఉంటుంది. లేదా కింద ఎవరో ఫ్యాను తిరగట్లేదని చూసి బోర్డులోని ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) మళ్లీ ఎత్తి ఉంటారు. కరెంటు ఉందని తెలిసిన చోట మనిషి జాగ్రత్తగానే ఉంటాడు. లేదని నమ్మిన చోటే రెండు చేతులూ లోపల పెడతాడు.

అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ నమ్మకాన్ని పక్కనపెట్టి మీటరుతో తేల్చుకోవడం గురించే చెబుతున్నాను. దానికి ముందు ఒక చిన్న లెక్క.

ఒంట్లోంచి ఎంత కరెంటు పోతుంది?

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. చేతి నుంచి చేతికి, లేదా చేతి నుంచి కాలికి మనిషి ఒంటి రెసిస్టెన్స్ సుమారు 1000 ఓములు అనుకోవచ్చు. పొడి చర్మం ఇంకాస్త అడ్డు పడుతుంది గానీ, మే నెలలో మేడ మీద ఔట్‌డోర్ యూనిట్ దగ్గర చెమటతో తడిసిన చేతులకు ఆ రక్షణ పెద్దగా మిగలదు. 230ని 1000తో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు.

ఇందులో ఒళ్లు తట్టుకునేది ఎంత? 1 మిల్లీ ఆంపియర్ దగ్గర జివ్వుమంటుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను వదలడం చేతకాకుండా పోవచ్చు. 30 దగ్గర ఊపిరి ఆడడం కష్టమవుతుంది. 50 నుంచి 100 మధ్య కరెంటు కొన్ని సెకన్లు గుండె మీదుగా పోతే చాలు, గుండె లయ తప్పి, రక్తాన్ని పంప్ చేయకుండా ఊరికే వణకడం మొదలుపెట్టవచ్చు. 230 ఈ అంకెలన్నిటికీ పైన ఉంది.

షాపుల్లో చాలామంది సిరీస్ బోర్డును (సప్లై దారిలో బల్బు కలిపిన టెస్టింగ్ బోర్డు) చూసి ధైర్యంగా ఉంటారు. 100 వాట్ల బల్బును సిరీస్‌లో పెట్టాం కాబట్టి షాక్ కొట్టినా ఏమీ కాదనుకుంటారు. సిరీస్ బల్బు బోర్డులోని షార్ట్ నుంచి పార్టులను కాపాడుతుంది, మనిషిని కాపాడదు. వెలుగుతున్న 100 వాట్ల బల్బు రెసిస్టెన్స్ 529 ఓములు. చల్లగా ఉన్నప్పుడు అది సుమారు 40 ఓములే. మీ ఒళ్లు దానికి సిరీస్‌లోకి వస్తే దాదాపు 200 మిల్లీ ఆంపియర్లు పోతుంది, బల్బు మహా అయితే మసకగా ఎర్రబడుతుంది. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లకు ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసి చూపించండి.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంచే స్విచ్) మంచి రక్షణే, పని బల్లకు అది లేకపోతే ముందు అది బిగించండి. అయితే అది చూసేది ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని మాత్రమే. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దాని లెక్కలో మీరూ ఒక బల్బే, ట్రిప్ కాదు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్ సప్లైతో నేరుగా కలవకుండా కరెంటు ఇచ్చేది) తర్వాత జరిగేది దానికి తెలీదు. కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య తగిలే దెబ్బా తెలీదు.

మొదటి అడుగు: కరెంటు ఎన్ని దారుల్లో వస్తోందో చూడండి

స్క్రూడ్రైవర్ తీసే ముందు మిషన్ చుట్టూ ఒకసారి తిరగండి. ఎన్ని కేబుళ్లు లోపలికి వెళుతున్నాయి? ప్రతి కేబుల్ ఎక్కడి నుంచి వస్తోంది?

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మెయిన్ దించినా కొన్ని పాయింట్లు బతికే ఉంటాయి. అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉంటే కరెంటు పోయిన కొన్ని సెకన్లకే ఆ లైను మళ్లీ వస్తుంది. "పవర్ కట్ ఉంది కదా, ఈలోపు చేసేద్దాం" అని మొదలుపెట్టిన పని కాబట్టే అది ప్రమాదం. ఫ్యాక్టరీ ప్యానెళ్లలో ఇంటర్‌లాక్ వైర్లు (ఒక ప్యానెల్‌ను ఇంకోదానితో ముడిపెట్టే కంట్రోల్ వైర్లు) పక్క ప్యానెల్ నుంచి వస్తాయి. ఈ ప్యానెల్ ఐసొలేటర్ ఆపినా ఆ వైర్లలో 230 వోల్టులు అలాగే ఉంటుంది. పెద్ద యూపీఎస్‌లకు బైపాస్ సప్లై వేరే ఫీడరు నుంచి వస్తుంది, బ్యాటరీ బ్యాంక్ ఇంకో దారి. సోలార్ ప్యానెళ్లకు ఎండే మెయిన్, దాన్ని దించలేం.

గోడ సాకెట్ల సంగతి కూడా చూసుకోవాలి. మన దగ్గర ఫేజు, న్యూట్రల్ తారుమారుగా కలిపిన పాయింట్లు చాలానే ఉంటాయి. అలాంటి చోట మిషన్ స్విచ్ ఆఫ్ చేస్తే మిషన్ ఆగుతుంది గానీ, లోపల వైరింగ్ మొత్తం ఫేజు మీదే ఉంటుంది. ప్లగ్ పీకగలిగితే పీకేయండి. పీకడానికి వీలు లేని చోట ఫేజు, న్యూట్రల్ రెండూ తెగే డబుల్ పోల్ ఎంసీబీ ఉందో లేదో చూడండి.

రెండో అడుగు: ఆపండి, మళ్లీ ఎవరూ వేయకుండా చూడండి

డిస్కంలలో లైన్‌మెన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి ఇచ్చే అనుమతి) తీసుకుంటారు. ఎవరు తీసుకున్నారో వాళ్లు తిరిగి ఇచ్చేదాకా ఆ ఫీడరు చార్జ్ చేయకూడదు. మన పనికి కూడా అదే పద్ధతి కావాలి. ఎంసీబీ లీవర్‌కు బిగించే చిన్న లాక్ క్లిప్పులు, ఒక తాళం, "పని జరుగుతోంది, ఆన్ చేయవద్దు" అని రాసిన ట్యాగ్ బ్యాగులో పెట్టుకుంటే చాలు. ట్యాగ్ మీద పేరు, ఫోన్ నంబరు రాయండి. తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. ఇద్దరు పనిచేస్తుంటే రెండు తాళాలు వేయాలి, ఎవరి తాళం వాళ్లే తీయాలి. పాత ఫ్యూజు బోర్డయితే ఫ్యూజు క్యారియర్ పీకి జేబులో వేసుకోవడం మనవాళ్లకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. చాలా మంచి అలవాటది, మానొద్దు.

ఇళ్లలో తాళం కన్నా మాట ముఖ్యం. "అమ్మా, నేను పైన వైర్లు పట్టుకుని ఉంటాను. నేను వచ్చి చెప్పేదాకా ఈ స్విచ్ ఎవరూ వేయకండి, పిల్లల్ని కూడా ఇటు రానివ్వకండి" అని ఎందుకో కూడా కలిపి చెప్పండి. ఉత్తినే "వేయకండి" అంటే పది నిమిషాలకు మర్చిపోతారు. ప్రాణం సంగతి అని తెలిస్తే బోర్డు దగ్గరే నిలబడతారు.

మూడో అడుగు: కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగండి

230 వోల్టుల ఏసీ కరెంటును బ్రిడ్జ్ రెక్టిఫయర్‌తో డీసీ చేస్తే కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు నిలుస్తుంది. త్రీఫేజ్ 415 వోల్టులైతే అది 585 దాకా వెళుతుంది. ప్లగ్ పీకగానే ఆ చార్జి మాయమైపోదు. కెపాసిటర్‌కు అడ్డంగా పెట్టిన బ్లీడర్ రెసిస్టర్ ద్వారా నెమ్మదిగా దిగాలి. 470 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్‌కు 100 కిలో ఓముల బ్లీడర్ ఉంటే పూర్తిగా దిగడానికి సుమారు 4 నిమిషాలు పడుతుంది. ఆ బ్లీడర్ కాలిపోయి ఉంటే గంట తర్వాతా కొడుతుంది. మీ దగ్గరకు వచ్చింది పాడైన మిషన్ అని గుర్తుంచుకోండి. అందులో బ్లీడర్ బాగానే ఉందని ఎలా అనుకుంటాం?

స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్పుమనిపించడం చాలామంది చేస్తారు. దాంతో మొన కరిగి లోహపు తునకలు కంట్లో పడతాయి, కెపాసిటర్, పీసీబీ ట్రాక్ దెబ్బతింటాయి, ఉలిక్కిపడి వెనక్కి లాగిన చెయ్యి షీట్ మెటల్ అంచుకు తెగుతుంది. 2 కిలో ఓముల, 25 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కు రెండు ఇన్సులేటెడ్ ప్రోబ్‌లు కలిపి డిశ్చార్జ్ టూల్ తయారుచేసుకోండి. 470 మైక్రోఫ్యారడ్‌ను అది 5 సెకన్లలో ఖాళీ చేస్తుంది. తీశాక మీటరు డీసీ రేంజిలో పెట్టి చూడండి. కొన్ని కెపాసిటర్లలో వోల్టేజీ మళ్లీ కాస్త లేస్తుంది కాబట్టి నిమిషం ఆగి ఇంకోసారి చూడండి.

ఇది 325 వోల్టుల బోర్డులకు మాత్రమే. పెద్ద డ్రైవ్‌ల దగ్గర ఈ టూల్‌తో ప్రయోగాలు వద్దు. డ్రైవ్ కవరు మీద ఎన్ని నిమిషాలు ఆగాలో రాసి ఉంటుంది. అంతసేపూ ఆగి, డీసీ బస్ టెర్మినల్స్ మధ్య కొలిచి, 50 వోల్టుల కిందకు వచ్చిందని చూశాకే ముందుకెళ్లండి. చార్జ్ లైటు ఆరిపోయింది కదా అనుకోవద్దు. ఎల్‌ఈడీ కాలిపోయినా లైటు ఆరే ఉంటుంది.

నాలుగో అడుగు: మీటరుతో తేల్చండి

ఈ ఒక్క అడుగు మాత్రం ఎంత తొందరలో ఉన్నా దాటేయకండి.

ముందు టెస్టర్ సంగతి. నియాన్ టెస్టర్ వెలగాలంటే మీ ఒంట్లోంచి కొంచెం కరెంటు భూమిలోకి పోవాలి. చెక్క స్టూలు మీద నిలబడితే వెలగకపోవచ్చు. ఎండలో వెలిగినా కనబడదు. తాకకుండా చూసే పెన్ టెస్టర్ డీసీని అసలు పట్టదు, షీల్డ్ ఉన్న కేబుల్‌లో ఏసీని కూడా పట్టదు. ఈ రెండూ "ఉంది" అంటే నమ్మండి, "లేదు" అంటే మాత్రం నమ్మకండి.

మల్టీమీటరుతో క్రమం ఇలా ఉండాలి. కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన సాకెట్‌లో ముందు మీటరు పెట్టి 230 చూపిస్తోందో లేదో చూడండి. తర్వాత పని చేయాల్సిన చోట ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య, ఫేజుకు ఎర్త్‌కు మధ్య, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య కొలవండి. త్రీఫేజ్ అయితే మూడు ఫేజులనూ ఒకదానితో ఒకటి, తర్వాత ఒక్కొక్కటి న్యూట్రల్‌తో, ఎర్త్‌తో. కెపాసిటర్లు, బ్యాటరీలు ఉన్నచోట డీసీ రేంజిలో మళ్లీ. అంతా సున్నా వచ్చాక, తిరిగి ఆ మొదటి సాకెట్ దగ్గరకు వెళ్లి మీటరు ఇంకా పనిచేస్తోందని చూసుకోండి. మధ్యలో ప్రోబ్ వైరు తెగినా మీటరు సున్నా అనే చూపిస్తుంది, సెల్ బలహీనపడితే తప్పు అంకె చూపించవచ్చు. ఆ చివరి చూపు లేకపోతే మీ దగ్గరున్న సున్నాకు విలువ లేదు.

డిజిటల్ మీటర్లతో ఒక చిక్కుంది. ఎక్కడా కలవని వైరు పక్కనున్న లైవ్ వైరు ప్రభావానికి 40, 60, 90 వోల్టులు చూపించవచ్చు. ఇలాంటివి చూసి చూసి కొందరు అసలైన వోల్టేజీని కూడా "అది ఉత్తుత్తిదే" అని కొట్టిపారేస్తారు. అనుమానం ఉంటే లో ఇంపిడెన్స్ మోడ్ ఉన్న మీటరుతో చూడండి. ఉత్తుత్తిదైతే పడిపోతుంది, నిజమైనదైతే నిలుస్తుంది.

మీటరు కొనేటప్పుడు దాని మీద క్యాట్ రేటింగ్ (ఎంత బలమైన సప్లై దగ్గర వాడొచ్చో చెప్పే గుర్తు) చూడండి. డిస్ట్రిబ్యూషన్ బోర్డు, ప్యానెల్ పనికి కనీసం క్యాట్ 3, 600 వోల్టులు కావాలి, లోపల హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు (పెద్ద షార్ట్‌ను కూడా పేలకుండా తెంచేది) ఉండాలి. బజారులో దొరికే అతి చవక పసుపు మీటరును సర్క్యూట్ బోర్డు దగ్గరే వాడండి, త్రీఫేజ్ ప్యానెల్‌లో పెట్టకండి. ఎర్ర ప్రోబ్ 10 ఆంపియర్ల రంధ్రంలోనే మర్చిపోయి వోల్టేజీ కొలిస్తే, మీటరు నేరుగా షార్ట్ అవుతుంది. ప్యానెల్‌లో ఆ షార్ట్ మంటై ముఖం మీదకు వస్తుంది. షాక్ కొట్టకుండానే చేతులు, ముఖం కాలిపోయే ప్రమాదాల్లో ఇదొకటి.

ఐదో అడుగు: కరెంటు ఉండగానే చూడక తప్పనప్పుడు

ఫాల్ట్ వెతకడానికి కొన్నిసార్లు సప్లై ఇవ్వాల్సిందే. కొలతలు మాత్రమే తీసుకోండి, విప్పడం, బిగించడం మాత్రం ఆపాకే. ఉంగరం, వాచీ, చేతికున్న కడియం, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. పొడి ఇన్సులేటింగ్ మ్యాట్ మీద నిలబడండి. నల్ల ప్రోబ్‌కు క్రొకడైల్ క్లిప్ వేసి ముందే తగిలించి, ఒక చేత్తోనే కొలవండి, రెండో చెయ్యి మిషన్ బాడీని తాకకుండా ఉంచండి. చేతి నుంచి చేతికి పోయే కరెంటు గుండె మీదుగానే పోతుంది.

రబ్బరు గ్లవ్స్ అంటే హార్డ్‌వేర్ షాపులో దొరికే ఏదో ఒక రబ్బరు తొడుగు కాదు. క్లాస్ 00 అయితే 500 వోల్టులకు, క్లాస్ 0 అయితే 1000 వోల్టులకు. వేసుకునే ముందు గాలి నింపి మెలిపెట్టి, ఎక్కడైనా కారుతోందేమో చూడండి. సూది మొనంత రంధ్రం ఉన్నా పనికిరాదు.

ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) బోర్డుల మీద ఆసిలోస్కోప్ వాడేవాళ్లకు ఒక మాట. స్కోప్ గ్రౌండ్ క్లిప్ లోపల ఎర్త్‌కు కలిసి ఉంటుంది. దాన్ని ప్రైమరీ వైపు నెగెటివ్‌కు తగిలిస్తే పేలుతుంది. పేలకుండా ఉండాలని స్కోప్ ప్లగ్‌కు ఎర్త్ పిన్ తీసేసే పద్ధతి ఉంది, అది ఎవరు నేర్పినా మానేయండి. స్కోప్ బాడీ మొత్తం లైవ్ అవుతుంది, పక్కనున్న కుర్రాడు నాబ్ తిప్పడానికి వచ్చి షాక్ తింటాడు. బోర్డును ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టండి, లేదా డిఫరెన్షియల్ ప్రోబ్ వాడండి.

మిషన్‌ను బట్టి

మైక్రోవేవ్ ఓవెన్: ఇంట్లో వాడే వస్తువుల్లో రిపేరుకు ఇంతకన్నా ప్రమాదకరమైనది నాకు తెలిసి లేదు. ట్రాన్స్‌ఫార్మర్ సుమారు 2000 వోల్టులు ఇస్తుంది, దాన్ని రెట్టింపు చేసే డబ్లర్ తర్వాత మ్యాగ్నెట్రాన్ (మైక్రోవేవ్‌లు పుట్టించే భాగం) దగ్గర అది 4000 దాకా ఉంటుంది. సెకండరీ ఒక కొస బాడీకే కలిసి ఉంటుంది కాబట్టి ఒక్క చెయ్యి తగిలినా చాలు, ఇంట్లో ఆర్‌సీసీబీకి ఆ సంగతే తెలీదు. కవరు తీసి ఉండగా సప్లై ఇవ్వకండి. హై వోల్టేజీ వైపు మామూలు మల్టీమీటరు పెట్టకండి, అది అంత వోల్టేజీకి చేసింది కాదు. ప్లగ్ పీకి, కొన్ని నిమిషాలు ఆగి, బాడీకి ముందే క్లిప్ చేసిన పొడుగాటి ఇన్సులేటెడ్ డిశ్చార్జ్ ప్రోబ్‌తో కెపాసిటర్ రెండు టెర్మినల్స్‌నూ విడివిడిగా, తర్వాత రెండింటినీ కలిపి డిశ్చార్జ్ చేయండి. అప్పుడే చెయ్యి పెట్టండి.

ఇన్వర్టర్ ఏసీ: ఔట్‌డోర్ పీసీబీలో 325 వోల్టులు, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ డీసీ ఉంటుంది. ఇక్కడ పెద్ద ప్రమాదానికి చిన్న షాకే మొదలు కావచ్చు: జివ్వుమనగానే ఉలిక్కిపడి పట్టు తప్పి, మూడో అంతస్తు సన్‌షేడ్ మీంచి పడిపోతారు. బెల్టు కట్టుకోకుండా బయటకు దిగవద్దు. కస్టమర్ తొందరపెట్టినా సరే, బెల్టు తెచ్చుకున్నాకే చేస్తానని చెప్పండి.

ఆన్‌లైన్ యూపీఎస్: 12 వోల్టుల బ్యాటరీలు 16 సిరీస్‌లో ఉంటే 192 వోల్టుల డీసీ. బ్యాటరీ బ్రేకర్ ఆపినా ఆ వరుస రెండు కొసల మధ్య వోల్టేజీ ఉంటుంది. మధ్యలో ఒకట్రెండు లింకులు తీసి వరుసను ముక్కలు చేశాక పని మొదలుపెట్టండి. స్పానర్లకు పిడి దాకా ఇన్సులేషన్ టేపు చుట్టండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఒక్కటే అయితే షాక్ కొట్టదు గానీ, స్పానర్ అడ్డంగా పడితే వేల ఆంపియర్లు పారి దాన్ని ఎర్రగా కాల్చేస్తుంది, వేలికి ఉంగరం ఉంటే వేలే పోతుంది.

సోలార్: 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఇళ్ల మీద ప్యానెళ్లు పెరిగాయి, ఏసీలూ ఇన్వర్టర్లూ చేసే కుర్రాళ్లే ఈ పనికీ వెళుతున్నారు. పది ప్యానెళ్లు సిరీస్‌లో ఉంటే 400 వోల్టుల డీసీ. ఇన్వర్టర్ ఆపి, ఏసీ ఐసొలేటర్, తర్వాత డీసీ ఐసొలేటర్ ఆపాకే కనెక్టర్లు విప్పాలి. లోడ్ మీద ఉండగా కనెక్టర్ లాగితే డీసీ ఆర్క్ ఏసీలా తనంతట తాను ఆరిపోదు, చేతిలోనే మండుతుంది.

షాక్ కొడితే

పడిపోయిన మనిషిని ముట్టుకోకండి. ముందు మెయిన్ దించండి. దించడం కుదరకపోతే, ఇళ్లలో ఉండే వోల్టేజీ అయితే పొడి కర్రతోనో ప్లాస్టిక్ స్టూలుతోనో వైరును పక్కకు నెట్టండి. హైటెన్షన్ లైను అయితే దగ్గరకే వెళ్లవద్దు, సబ్‌స్టేషన్‌కు చెప్పి ఆపించాలి.

ఒకరు 108కి ఫోన్ చేయండి. మనిషి పలక్కుండా, ఊపిరి తీసుకోకుండా ఉన్నా, చేప నీళ్ల బయట నోరు తెరిచినట్టు అప్పుడొకటి అప్పుడొకటి ఎగశ్వాస తీస్తున్నా వెంటనే సీపీఆర్ మొదలుపెట్టండి. ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నేర్చుకున్నవాళ్లు 30 నొక్కులకు 2 సార్లు నోటితో ఊపిరి ఇవ్వాలి. రానివాళ్లు ఆపకుండా నొక్కితే చాలు. గుండె వణుకులోకి పడ్డాక సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. నీళ్లు చల్లడం, చేతిలో తాళాలు పెట్టడం, ఒంటికి మట్టి పూయడం లాంటివాటితో ఆ నిమిషాలే పోతాయి. దగ్గర్లో మాల్, మెట్రో స్టేషన్ లాంటివి ఉంటే ఏఈడీ (గుండె లయను సరిచేయడానికి షాక్ ఇచ్చే యంత్రం) ఉందేమో అడిగి తెప్పించండి.

మనిషి లేచి కూర్చుని "ఏం కాలేదు" అన్నా వదిలేయకండి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి, గుండెదడ ఉన్నా, చేతి నుంచి చేతికి షాక్ కొట్టినా, కాలిన గుర్తు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. బయట చిన్న మచ్చే ఉన్నా లోపల కండరం కాలి ఉండవచ్చు. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది కిడ్నీలకు ప్రమాదం, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ప్రమాదం తర్వాత కాగితాల పని

షాపు ఓనరు "ఆసుపత్రి ఖర్చు నేను పెట్టుకుంటాలే, ఎవరికీ చెప్పకు" అన్నా, రాతపూర్వకంగా నమోదు చేయించండి. తేదీ, సమయం, ఏ మిషన్, ఏ చోట, సప్లై ఎలా ఆపారు, ఎవరు చూశారు అన్నీ ఉండాలి. మిషన్‌ను ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీయండి, వెంటనే రిపేరు చేసేయకండి. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం మనిషి గాయపడినా, చనిపోయినా ఆ విద్యుత్ లైను లేదా పరికరాలు ఎవరివో వాళ్లు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాలి.

జీతం నుంచి ఈఎస్ఐ (కార్మికుల బీమా) కట్ అవుతున్నవాళ్లకు పనిలో జరిగిన గాయానికి వైద్యంతోపాటు, పనికి వెళ్లలేని రోజులకు సగటు వేతనంలో 90 శాతం వస్తుంది. దానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజు గాయపడినా వర్తిస్తుంది. అందుకు ఆధారం యజమాని పంపే యాక్సిడెంట్ రిపోర్టు. అది పంపారా లేదా అని అడిగి, కాపీ ఒకటి మీ ఫోన్‌లో పెట్టుకోండి. ఆసుపత్రిలో చీటీ రాయించేటప్పుడు "కాలింది" అని కాకుండా "పనిలో కరెంటు షాక్" అని రాయించండి. తర్వాత నెలల మీద నడిచే క్లెయిములో మొదటి రోజు చీటీలో ఏం రాసి ఉందన్నదే ముందు చూస్తారు.